గర్భసంచి ఆపరేషన్‌కి నా సంతకం చాలదా? భర్తదో తమ్ముడిదో కావాలంటున్నారు

మంజీర_41
వచ్చే నెల మొదట్లో ఆపరేషన్. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి, పేరు వద్దు. ఫైబ్రాయిడ్లు, అంటే గర్భసంచిలో గడ్డలు ఉన్నాయి, బ్లీడింగ్ ఆగడం లేదు, హిమోగ్లోబిన్ 8కి పడిపోయింది. మాత్రలు వాడాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలు. గర్భసంచి తీసేయడమే మేలని డాక్టరమ్మ చెప్పారు, నేనూ సరే అన్నాను. నా గొడవ అది కాదు.

అడ్మిషన్ కౌంటర్లో ఫారాలు చేతిలో పెట్టి, "మీ హస్బెండ్ సంతకం ఇక్కడ మేడమ్" అన్నారు. మేం విడిగా ఉంటున్నాం, విడాకుల కేసు నడుస్తోంది, మాటల్లేవు అని చెప్పాను. అయితే నాన్నగారిని తీసుకురండి అన్నారు. నాన్న లేరు. అన్నదమ్ములు? తమ్ముడున్నాడు, బీటెక్ ఫైనల్ ఇయర్. "సరిపోతుంది మేడమ్, ఆయన్ని రమ్మనండి." వాడి ఫీజు కట్టేది నేను. వాడు మాత్రం "ఆయన", వాడి సంతకమే చెల్లుతుందట.

ఇంకో సంగతి. ఫారం మొత్తం ఇంగ్లీషులో ఉంది. కూర్చుని చదివాను. చివర్లో, ఆపరేషన్ చేసేటప్పుడు అవసరమనిపిస్తే ఇంకే ప్రక్రియ చేసినా నాకు సమ్మతమే అని ఒక వాక్యం ఉంది. అంటే ఏదైనా తీసేయొచ్చా? దాన్ని కొట్టేస్తే ఆపరేషన్ చేయమంటారా? తెలిసినవాళ్లు చెప్పండి.

పల్నాడు_పిల్లోడు
తమ్ముడికి బ్యాక్‌లాగ్స్ ఉన్నా పర్లేదా అని అడిగారా అక్కా

సాయంత్రం_కాఫీ
మా పిన్నికీ ఇదే జరిగింది. బాబాయ్ పోయారు, కొడుకు బెంగళూరులో ఉంటాడు. ఫారం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే వాడు ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి తిరిగి పంపాడు. ఏ ఆపరేషనో కూడా వాడికి సరిగ్గా తెలీదు. ఆసుపత్రి వాళ్లు మాత్రం హాయిగా ఫైల్లో పెట్టుకున్నారు.

నల్లకోటు
మీరు అడిగినవి రెండు వేరు వేరు ప్రశ్నలు. నా దృష్టిలో రెండోదే పెద్దది, అక్కడినుంచే మొదలుపెడతాను.

సమీరా కోహ్లీ కేసు, సుప్రీంకోర్టు, 2008 జనవరి తీర్పు. ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత 1995లో బ్లీడింగ్ సమస్యతో ఒక క్లినిక్‌కి వెళ్లింది. లాప్రోస్కోపీకి (చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి లోపల చూసే పరీక్ష), అవసరమైతే పొట్ట తెరవడానికి ఒప్పుకుని సంతకం పెట్టింది. ఆమె మత్తులో ఉండగా, గర్భసంచి తీసేయాల్సి ఉందని బయట కూర్చున్న తల్లితో చెప్పి ఆవిడ చేత సంతకం పెట్టించారు. గర్భసంచి, రెండు అండాశయాలు, ట్యూబులు అన్నీ తీసేశారు.

కోర్టు ఏమందంటే, పరీక్షకి ఇచ్చిన అనుమతి చికిత్సకి చెల్లదు. పేషెంటు మేజరు, తెలివి ఉన్న మనిషి, మత్తు దిగితే తానే చెప్పగలదు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితేమీ లేదు. అలాంటప్పుడు తల్లి సంతకానికి విలువ లేదు. ఎలాగూ తీయాల్సిందే కదా, ఇంకోసారి కోయడం తప్పించాం, ఖర్చు మిగిల్చాం అనే సమాధానం కూడా చెల్లదని స్పష్టంగా చెప్పింది. ప్రాణాన్ని కాపాడటానికో ఆరోగ్యాన్ని నిలబెట్టడానికో అవసరమై, స్పృహ వచ్చేదాకా ఆగడం సబబు కాని పరిస్థితి ఒక్కటే మినహాయింపు.

డాక్టరు ముందుగా ఏం చెప్పాలో కూడా అదే తీర్పులో ఉంది. చికిత్స ఏమిటి, ఎందుకు, దానివల్ల ఏమవుతుంది, వేరే దారులున్నాయా, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, వద్దనుకుంటే ఏమవుతుంది. ఎక్కడో లక్షలో ఒకరికి వచ్చే ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదు.

గోదారి_గట్టు
@నల్లకోటు ఆవిడకి పరిహారం ఎంత ఇచ్చారు?

నల్లకోటు
25 వేలు. ఆపరేషన్ ఫీజు వసూలు చేసుకునే హక్కు డాక్టరుకి లేదన్నారు.

గోదారి_గట్టు
1995లో ఆపరేషన్, 2008లో తీర్పు, చేతికి 25 వేలు. వకీలు ఫీజుకైనా వచ్చిందో లేదో.

నల్లకోటు
ఆవిడ అడిగింది 25 లక్షలు. డాక్టరు దురుద్దేశంతో చేయలేదు, పేషెంటు మేలు కోరే చేశారని కోర్టు భావించింది, అందుకే తక్కువ. నాకూ అది చాలా తక్కువే అనిపిస్తుంది. కానీ ఆ తర్వాత ఈ దేశంలో సమ్మతి మీద వచ్చిన ప్రతి కేసులోనూ ముందు ఈ తీర్పే తీస్తారు.

స్టెతస్కోపు
కోస్తాలో ఒక ఊళ్లో గైనకాలజీ ప్రాక్టీసు నాది. నల్లకోటు గారు చెప్పిందంతా నిజమే కానీ సగం చెప్పారు. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో 7.16 అని ఒకటుంది. పిల్లలు పుట్టకుండా పోయే అవకాశం ఉన్న ఏ ఆపరేషన్‌కైనా భార్యాభర్తలిద్దరి సమ్మతీ కావాలని అందులో రాసి ఉంది. 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చి అదే నెలలో పక్కన పెట్టేశారు, కాబట్టి ఇప్పటికీ నడుస్తున్నది పాతవే. రేపు ఆ భర్త వచ్చి నా భార్య గర్భసంచి నాకు చెప్పకుండా ఎలా తీశావని కౌన్సిల్‌కి కంప్లయింట్ ఇస్తే జవాబు చెప్పుకోవాల్సింది నేను. సమీరా కోహ్లీ కేసులో పేషెంటుకి పెళ్లే కాలేదు. భర్త సంతకం ప్రశ్న కోర్టు ముందుకి రాలేదు కదా?

కౌంటర్లో అడిగే పిల్లలకి ఇదంతా తెలీదు. మేనేజ్‌మెంట్ ఒక సంతకం గడి పెట్టింది, అది నింపాలి, అంతే. ఇంకో నిజం కూడా చెప్తాను. ఆపరేషన్ తర్వాత ఏదైనా అయితే థియేటర్ అద్దాలు పగలగొట్టేది పేషెంటు కాదు, బంధువులు. వాళ్లలో ఒకరి సంతకం ఉంటే మాకు కొంచెం ధైర్యం.

థియేటర్_సిస్టర్
@స్టెతస్కోపు సంతకం ఉన్నా పగలగొడతారు సార్. చూశాను.

నల్లకోటు
@స్టెతస్కోపు 7.16 గురించి రాకుండా ఈ చర్చ ముగియదని తెలుసు. మూడు మాటలు.

అది "ఇద్దరిదీ" అంటోంది. ఆవిడది అక్కర్లేదు, ఆయనది చాలు అనడం లేదు. మన ఊళ్లలో జరిగేది తిరగేసి. ఆయన సంతకం పెడితే ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగరు.

తండ్రి, తమ్ముడు అని అందులో ఎక్కడా లేదు. తల్లిదండ్రులూ సంరక్షకుల ప్రస్తావన మైనర్ల విషయంలోనే. కాబట్టి ఆ కౌంటర్ వాళ్లు "తమ్ముణ్ణి తీసుకురండి" అన్నదానికి 7.16 కూడా ఆధారం కాదు.

అన్నిటికన్నా తమాషా, ప్రభుత్వ కుటుంబ నియంత్రణ ప్రమాణాల్లోనే కు.ని. ఆపరేషన్‌కి జీవిత భాగస్వామి సమ్మతి అక్కర్లేదని రాసి ఉంది. పిల్లలు పుట్టకుండా ఉండటానికే చేసే ఆపరేషన్‌కి అక్కర్లేనిది, రక్తం ఆగక చేసే ఆపరేషన్‌కి ఎందుకు? డాక్టర్లు భయపడే ఇంకో తీర్పు ఉంది, 2007 సమర్ ఘోష్ కేసు. భాగస్వామికి చెప్పకుండా స్టెరిలైజేషన్ (పిల్లలు పుట్టకుండా ఆపరేషన్) చేయించుకోవడం మానసిక క్రూరత్వం కావచ్చని అందులో ఉంది. కానీ "వైద్య కారణం లేకుండా" అన్న ముక్క కూడా అక్కడే ఉంది, దాన్ని ఎవరూ చదవరు. పైగా అది విడాకుల కేసు, భార్యాభర్తల మధ్య సంగతి. డాక్టరు మీద పెట్టింది కాదు.

స్టెతస్కోపు
మూడో పాయింటు ఒప్పుకుంటాను. మొదటిదీ ఒప్పుకుంటాను. కానీ 7.16 తీసేసేదాకా నా ఫారంలో ఆ గడి ఉంటుంది. భర్త అందుబాటులో లేకపోతే పేషెంటు చేత కారణం రాయించుకుని చేస్తాను. ఆపరేషన్ మాత్రం ఆపను.

మంజీర_41
@స్టెతస్కోపు అదే కదా సార్ నేను అడుగుతున్నది. "కారణం రాసివ్వండి" అని అంటే రాసిచ్చేదాన్ని. తమ్ముణ్ణి తీసుకురమ్మన్నారు.

నాన్నకు_ప్రేమ
అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి అడ్డం పడతాను. మా ఆవిడకి నేనే సంతకం పెట్టాను. తప్పేంటి? ఇంట్లో మాట్లాడుకుని తీసుకున్న నిర్ణయం. ఆవిడకి టెన్షన్, బీపీ. ఫారంలో రాసిన భయంకరాలన్నీ చదివించి ఇంకా భయపెట్టడం ఎందుకు?

సాయంత్రం_కాఫీ
@నాన్నకు_ప్రేమ ఆవిడ కూడా పెట్టారా సంతకం?

నాన్నకు_ప్రేమ
పెట్టే ఉంటుంది. ఎక్కడో ఒకచోట పెట్టే ఉంటుంది.

సాయంత్రం_కాఫీ
🙂

తెనాలి_తెలివి
@నాన్నకు_ప్రేమ మా అమ్మ విషయం చెప్తాను, కోపం తెచ్చుకోకండి. అమ్మకి నలభై నిండకముందే గర్భసంచి తీసేశారు. పక్క టౌన్లో చిన్న నర్సింగ్ హోము. నాన్నే సంతకం పెట్టారు, మంచి మనసుతోనే. గర్భసంచి అని చెప్పారు, గర్భసంచే అనుకున్నాం. ఆ ఏడాది నుంచే అమ్మకి ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేదు, ఊరికే ఏడ్చేది. దిష్టి తీయించారు, మంత్రాలు వేయించారు. చాలా ఏళ్ల తర్వాత బాత్రూంలో జారితే మణికట్టు విరిగింది. ఎముకల డాక్టరు పాత కాగితాలు తెమ్మన్నాడు. డిశ్చార్జ్ సమ్మరీలో "టీఏహెచ్ విత్ బీఎస్‌ఓ" అని ఉంది. టీఏహెచ్ అంటే పొట్ట కోసి గర్భసంచి తీయడం, బీఎస్‌ఓ అంటే రెండు అండాశయాలూ ట్యూబులూ తీసేశారని ఆయన చెప్తే మాకు తెలిసింది. అమ్మ మొహం చూడలేకపోయాను.

నాన్నకి కూడా ఎవరూ చెప్పలేదు. ఆయన సంతకం పెట్టిన కాగితంలో ఏముందో ఆయనకీ తెలీదు. ఇంటి పెద్ద సంతకం అంటే జరిగేది ఇది.

థియేటర్_సిస్టర్
@తెనాలి_తెలివి మనసు కలుక్కుమంది.

సంతకాలు ఎలా జరుగుతాయో చెప్తాను. ఇరవై ఏళ్లకి పైగా వార్డుల్లోనూ థియేటర్లోనూ పనిచేశాను, చాలా ఆసుపత్రులు. ఆపరేషన్ ముందు రోజు రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ సిస్టర్ చేతికి ఫైల్ వస్తుంది. ఆపరేషన్‌కి ఒక కాగితం, మత్తుకి ఒకటి, రక్తం ఎక్కించడానికి ఒకటి. "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తాం. చదువు రాకపోతే ఇంకు ప్యాడు. పేషెంటు తరఫు వాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే, "మొత్తం ఎంతవుద్ది?" నేను చెప్పగలిగింది ఏముంది, నేను కోయను కదా. కోసే డాక్టరో, ఆ టీమ్‌లో డాక్టరో చెప్పాలి. పేషెంటుకి వచ్చిన భాషలో చెప్పాలి. మంచి డాక్టర్లు ఓపీలోనే బొమ్మ గీసి చెప్తారు, అలాంటివాళ్లనీ చూశాను. కొందరు పొద్దున స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక, "అమ్మా, తీసేస్తాం, సరేనా?" అంటారు. అప్పుడు కాదనే ఆడమనిషిని నేను చూడలేదు.

మంజీర గారూ, మీరు చదివారు. అదే పెద్ద సంగతి.

ఎర్రమట్టి
మెదక్ వైపు మాది. ఇక్కడ మీరందరూ ఆసుపత్రులనే తిడుతున్నారు. ఊళ్లో ఆడవాళ్లే "తీయించేసుకుంటా" అని పోతారు, ఆ మాటెవరూ రాయలేదు. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని, నాట్లకి పోతే నెలకి నాలుగు రోజులు కూలి పోతోందని. పిల్లలు పుట్టిన్రు, ఇంకెందుకు ఆ సంచి అంటరు. ఆర్‌ఎంపీ "గర్భసంచికి పుండయింది, క్యాన్సరైతది" అంటడు, పట్నంల ఫలానా నర్సింగ్ హోముకు పో అంటడు, ఆయన కమీషన్ ఆయనకు. ఇరవై అయిదు దాటకముందే తీయించుకున్నోళ్లు మా వాడలో ఉన్నరు. సంతకం వాళ్లే పెట్టిన్రు. అది సమ్మతే అంటరా?

నల్లకోటు
@ఎర్రమట్టి అసలు ప్రశ్న మీరు అడిగారు. క్యాన్సర్ వస్తుందని భయపెట్టి తీసుకున్న సంతకం కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ వేరే దారి ఉందని చెప్పకపోతే సమీరా కోహ్లీ తీర్పు ప్రకారం అది సరైన సమ్మతి కాదు.

ఇదే విషయం మీద సుప్రీంకోర్టులో ఇంకో కేసు నడిచింది. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ఇన్సూరెన్స్ పథకం డబ్బు కోసం అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు చేశారని డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో ప్రజాహిత వ్యాజ్యం (పిల్) వేశారు. 2023 ఏప్రిల్ 5న తీర్పు. కేంద్రం 2022లో తెచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ 3 నెలల్లో అమల్లో పెట్టాలన్నారు. జిల్లా, రాష్ట్ర స్థాయిల్లో కమిటీలు ఈ ఆపరేషన్ల లెక్కలు చూడాలి.

లెక్కల_మాస్టారు
"అవసరం లేని ఆపరేషన్లు" అని ఎవరికి తోచినట్టు వాళ్లు అనడమే గానీ అంకెలేవి? బిహార్ సంగతి మనకెందుకు?

స్టెతస్కోపు
@లెక్కల_మాస్టారు అంకెలు కావాలంటే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2015–16. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే, బిహార్‌వి కాదు. డాక్టర్ని కాబట్టి ఈ అంకె చెప్పడానికి నాకు సంతోషమేమీ లేదు.

ఆరోగ్యశ్రీ వచ్చిన కొత్తలో ప్రైవేటులో ఇవి బాగా పెరిగాయని, తర్వాత పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు. మరి జేబులో డబ్బు పెట్టి చేయించుకునేవి ఎవరు ఆపుతారు?

లెక్కల_మాస్టారు
8.9 నిజమా. సరే.

పల్నాడు_పిల్లోడు
మాస్టారు ఒక థ్రెడ్‌లో ఊరుకోవడం మొదటిసారి చూస్తున్నా, స్క్రీన్‌షాట్ తీశా

మెంతి_మజ్జిగ
ఆపరేషన్ ఎందుకమ్మా, మెంతులు రాత్రి నానబెట్టి

మోడరేటర్
పై పోస్టులో మిగతా భాగం తీసేశాం. ఇంటివైద్యానికి వేరే విభాగం ఉంది. ఇక్కడ వద్దు.

డల్లాస్_దోసె
ఇక్కడ అమెరికాలో మెడికెయిడ్ (పేదలకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బుతో ఈ ఆపరేషన్ చేయాలంటే, దీని తర్వాత ఇక పిల్లలు పుట్టరని నోటితో చెప్పాలి, రాతలో కూడా చెప్పాలి, తెలిసిందని పేషెంటు సంతకం పెట్టాలి. పిల్లలు పుట్టకుండా చేయడం కోసమే అయితే డబ్బు ఇవ్వరు. ఫెడరల్ రూల్. పేద ఆడవాళ్లకి, నల్లజాతి ఆడవాళ్లకి చెప్పకుండా స్టెరిలైజేషన్లు చేసిన చరిత్ర ఉంది కాబట్టి 1970ల్లో ఈ రూల్స్ వచ్చాయి. భర్త సంతకం ఊసే లేదు.

గోదారి_గట్టు
@డల్లాస్_దోసె అక్కడ బిల్లు చూశాక భర్త సంతకం పెట్టే స్థితిలో ఉండడు లెండి

స్టెతస్కోపు
మంజీర గారూ, చట్టం నల్లకోటు గారు చెప్తారు. వైద్యం వైపు మీ డాక్టర్ని అడగాల్సినవి నేను చెప్తాను. మిమ్మల్ని చూడకుండా ఆపరేషన్ వద్దనో కావాలనో అనను.

ఫైబ్రాయిడ్ ఎక్కడ ఉంది? గర్భసంచి లోపలి గదిలోకి పొడుచుకొచ్చిన చిన్నదైతే పొట్ట కోయకుండా కింద నుంచి హిస్టెరోస్కోపీతో (కెమెరా ఉన్న సన్నని గొట్టంతో) తీయొచ్చు. గది ఆకారం చెడకుండా ఉంటే హార్మోన్ ఉన్న మిరెనా లాంటి లూప్ పనిచేయొచ్చు, చెడిపోతే అది నిలవదు. గడ్డ ఒక్కటే తీయడం ఉంది. రక్తనాళం మూసి గడ్డని కుదించడం ఉంది, అది రేడియాలజీ వాళ్ల పని, హైదరాబాద్‌లో దొరుకుతుంది. ఇవన్నీ మీకు కుదరకపోవచ్చు. ఎందుకు కుదరవో మీ డాక్టరు చెప్పగలగాలి. నాకు తెలిసి మంచి డాక్టరైతే అడిగినందుకు విసుక్కోరు.

లోపలి పొర బయాప్సీ, పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష) చేశారా? హిమోగ్లోబిన్ 8తో టేబుల్ ఎక్కించకుండా ముందు ఐరన్ ఇంజెక్షన్లతో పెంచుతారా, రక్తం ఎక్కిస్తారా?

ఇక అండాశయాలు. 41 ఏళ్లకి, అవి బాగుంటే, ఇంట్లో అండాశయం, రొమ్ము క్యాన్సర్ల చరిత్ర లేకపోతే, సాధారణంగా ఉంచుతాం. తీసేస్తే ఆ రోజే మెనోపాజ్, అంటే ముట్లుడిగే దశ, మొదలైనట్టు. తెనాలి గారి అమ్మగారికి జరిగింది అదే. ఎముకలు, గుండె రెండిటి మీదా ప్రభావం ఉంటుంది. ఉంచినా కొందరికి మెనోపాజ్ కాస్త ముందు రావచ్చు, అదీ చెప్పాలి. ట్యూబులు తీయడం వేరే సంగతి, కంగారు పడకండి. తర్వాత అండాశయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుందని ఈమధ్య ట్యూబులు తీసేస్తున్నాం. కానీ అదీ చెప్పే చేయాలి.

మంజీర_41
ఇందులో సగం నాకెవరూ చెప్పలేదు. బయాప్సీ చేశారు, బాగానే ఉంది. గడ్డలు చాలా ఉన్నాయి, ఒకటి పెద్దది, అందుకే తీసేయడం అన్నారు. అండాశయాల ఊసే రాలేదు.

నల్లకోటు
ఊసే రాకపోతే రేపే తెప్పించండి. "ఇంకే ప్రక్రియ అయినా" అన్న వాక్యం గురించి నా సలహా ఇది. ఉత్తినే కొట్టేస్తే డాక్టరు చేతులు కట్టేసినట్టు వాళ్లు భయపడతారు. దాని పక్కన మీ చేతిరాతతో, తెలుగులోనే, ఇలా రాయండి. ప్రాణాపాయం ఉంటే అవసరమైనది చేయండి. అలా కాకపోతే గర్భసంచి, ట్యూబులు తప్ప ఇంకేమీ తీయకూడదు, అండాశయాలు నాకు చెప్పి నేను ఒప్పుకుంటేనే తీయాలి. కింద సంతకం, తేదీ. డాక్టరు చేత కూడా పెట్టించండి. ఒక కాపీ ఫోటో తీసుకోండి. ప్రాణాపాయంలో సమ్మతి లేకుండా చేయడానికి చట్టం ఎలాగూ రక్షణ ఇస్తుంది, భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్, పాత ఐపీసీలో 92. కాబట్టి మీరు రాసినదానివల్ల వాళ్లకి పోయేదేమీ లేదు.

భర్త గడి దగ్గర "విడిగా ఉంటున్నాం, కేసు కోర్టులో ఉంది, నా చికిత్సకి నా సమ్మతితో ముందుకు వెళ్లండి" అని రాయండి. తమ్ముడు వస్తే సాక్షిగా పెట్టనివ్వండి. సాక్షి వేరు, అనుమతి వేరు.

నాన్నకు_ప్రేమ
అడగొచ్చో లేదో. డాక్టరు ఫారం కాపీ మాకు ఇవ్వలేదు. ఇప్పుడు అడిగితే ఇస్తారా? మా ఆవిడది.

నల్లకోటు
ఆవిడ పేరుతో రాతపూర్వకంగా అడగండి. 2002 నిబంధనల ప్రకారమే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. 3 ఏళ్లు దాచాలి, అది దాటితే లేవనొచ్చు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే గడువు 2 ఏళ్లు, ఆలస్యానికి సరైన కారణం ఉంటే మన్నించే వీలుంది.

నాన్నకు_ప్రేమ
కేసేమీ కాదు. తెనాలి గారి పోస్టు చదివాక చూడాలనిపించింది.

తెనాలి_తెలివి
@నాన్నకు_ప్రేమ డిశ్చార్జ్ సమ్మరీ ఉంటే అందులోనే ఉంటుంది అన్నా. ఆపరేషన్ పేరు ఉన్న లైన్ చూడండి. బీఎస్‌ఓ లేకపోతే నిశ్చింతే.

ఎర్రమట్టి
ఇదంత చదువొచ్చినోళ్లకు నడుస్తది. మావోళ్లకు కౌంటర్ల ఇట్ల రాస్త అంటే కాయితం గుంజుకుంటరు.

థియేటర్_సిస్టర్
@ఎర్రమట్టి అయితే ఒక్క మాటే నేర్పించండి. "ఏమేం తీస్తరు సారూ?" అని అడగమనండి, థియేటర్‌కి తీసుకెళ్లే ముందు కాదు, ఓపీలోనే. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంకో డాక్టరుకి చూపించుకున్నాకే నర్సింగ్ హోముకు పొమ్మనండి. అక్కడ తీయడానికి ఎవరికీ కమీషన్ ఉండదు. మా దగ్గర అలా వచ్చి మాత్రలతో వెనక్కి వెళ్లినవాళ్లు చాలామంది.

ఎర్రమట్టి
గాంధీకి పోతే రోజంతా లైన్ల నిలబడాలె సిస్టర్. అయినా చెప్త.

మంజీర_41
నిన్న మళ్లీ వెళ్లాను. కౌంటర్లో పాత పాటే. డాక్టరమ్మని కలుస్తానన్నాను. ఆవిడ నిజంగా మంచి మనిషి, రష్‌లో చెప్పలేకపోయానన్నారు. స్కాన్ ముందు పెట్టుకుని చూపించారు. గడ్డ ఒక్కటే తీయడం నాకెందుకు కష్టమో చెప్పారు, అర్థమైంది. అండాశయాలు బాగున్నాయి, తీసే ఉద్దేశం లేదన్నారు. అయితే రాయండి అన్నాను. కాస్త నవ్వి రాశారు. ఐరన్ ఇంజెక్షన్లు మొదలయ్యాయి, అందుకని తేదీ రెండు వారాలు జరిగింది.

భర్త గడి దగ్గర నల్లకోటు గారు చెప్పినట్టే రాశాను. కౌంటర్ వాళ్లు మెడికల్ సూపరింటెండెంట్‌కి ఫోన్ చేసి అడిగి, సరే అన్నారు. తెలుగు ఫారం ఉందా అంటే, ఉంది కానీ ఎవరూ అడగరు మేడమ్ అని బీరువా కింది అరలోంచి తీసిచ్చారు.

పల్నాడు_పిల్లోడు
బీరువా కింది అర 😂 ఫారాలకి కూడా అజ్ఞాతవాసం

స్టెతస్కోపు
మంచిది. ఆపరేషన్ అయ్యాక ఆవిర్లు, పొడిబారడం లాంటివి కనిపిస్తే అలాగే భరించకండి, వెళ్లి చెప్పండి.

థియేటర్_సిస్టర్
తీసిన గర్భసంచిని పరీక్షకి ల్యాబ్‌కి పంపుతారు. రిపోర్టు వచ్చేసరికి వారం పది రోజులు పడుతుంది. అప్పటికి అందరూ కుట్లు విప్పించుకుని ఇంటికి వెళ్లిపోతారు, మళ్లీ రారు. ఫోన్ చేసి అడిగి మరీ తెచ్చుకోండి. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదు, ఎన్ని గంటల నుంచో మత్తు డాక్టరు చెప్తారు. మీరు వాడే మాత్రలన్నీ, ఆయుర్వేదంవి కూడా, ఆయనకి చెప్పండి. మెంతి మజ్జిగతో సహా.

సత్తెనపల్లి_సుమ
మా అత్తకి గర్భసంచి జారింది అన్నారు, అరవై అయిదేళ్లు, షుగర్ ఉంది. ఆపరేషన్ కాకుండా రింగ్ పెడతారట కదా, దాని గురించి కూడా ఇక్కడే అడగొచ్చా?

మోడరేటర్
దానికి కొత్త చర్చ మొదలుపెట్టండి. స్టెతస్కోపు గారికి అక్కడ ట్యాగ్ వేయండి.